వెయ్యి కాపీల్లో ఒక పేజీ

ఆ అమ్మాయి చర్చి ప్రెస్సులోకి వచ్చి ప్రూఫ్‌రీడర్ బల్ల మీద ప్రార్థన పుస్తకంలోని ఒక అచ్చు కాగితం పెట్టింది. వీధికి అవతల బైండింగ్ షాపు వాళ్లమ్మాయి. యూదుల పిల్ల.

"ఇందులో నా కళ్లకున్న తెర తీసేయమని దేవుణ్ణి అడుగుతున్నారు. తెర సంగతి తర్వాత. పై వరుసలో రెండు అచ్చుతప్పులున్నాయి, చూసుకున్నారా?"

చూసుకున్నాడు. నిజంగానే రెండున్నాయి.

యూదులు క్రీస్తును గుర్తించేలా వాళ్ల కళ్లు తెరిపించమనే ఆ పాత ప్రార్థనను కతోలిక సభ మార్చి యాభై ఏళ్లు దాటింది. ఆ కబురు ప్రెస్సు బీరువాకు మాత్రం అందలేదు. మనవాడు బద్ధకించి, బీరువాలోని పాత పుస్తకం చూసి టైపు చేయించేశాడు. వెయ్యి కాపీలు అచ్చయి ఆ అమ్మాయి వాళ్ల షాపుకే బైండింగ్‌కి వెళ్లిపోయాయి.

తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. దేవుడు యూదులతో చేసుకున్న ఒడంబడిక రద్దు కాలేదని, వాళ్లు అందులో నమ్మకంగా నిలవాలనే ఇప్పుడు ప్రార్థిస్తున్నారని, ఫాదర్ దగ్గర విన్నదంతా గడగడా అప్పజెప్పాడు.

"అయితే నాకు రక్షణ ఉన్నట్టా, లేనట్టా?"

"రక్షణ క్రీస్తు ద్వారానే అంటుంది సభ. మీకూ ఉందంటుంది. అదెలాగో దేవుడి రహస్యమట."

"తెలియదని ఎంత మర్యాదగా చెప్పారండీ" అని నవ్వింది. ఆ నవ్వుకి మనవాడు పడిపోయాడు.

పాత పేజీ కోసి కొత్తది అంటించడానికి ఇద్దరూ మూడు వారాలు కూర్చున్నారు. నిజానికి అది వారం పని. ఆమె కోసేది, వాడు జిగురు రాసేవాడు, సగం చొక్కాకే. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వేళ్లు అంటుకుంటే విడదీసుకోవడానికి ఎవరూ తొందరపడలేదు.

పెళ్లి మాట ఎత్తగానే మనవాడి అమ్మ, క్రైస్తవంలోకి చేర్చే జ్ఞానస్నానం ఫారం తెప్పించింది. ఆ పిల్ల అది నింపితేనే తనకు కోడలంది. వెయ్యి పుస్తకాలు దిద్దిన మహానుభావుడు కిక్కురుమనకుండా ఆ ఫారం జేబులో పెట్టుకుని షాపుకి వచ్చాడు.

ఆమె చదివి, మడిచి, తిరిగిచ్చేసింది. ఈసారి నవ్వలేదు.

"పుస్తకంలో పేజీ మార్చావు. మీ ఇంట్లో పాతదే ఉంది. అది మార్చాకే ఈ వీధి దాటు."

నాలుగు రోజులు వాడికి అన్నం సహించలేదు. ఐదో రోజు తల్లి ముందు ఆ ఫారం పెట్టి, ఆమెను మతం మారమని అడగనన్నాడు. అడిగితే ఆమె దక్కదని, ఆమె లేకుండా తను బతకలేనని చెప్పేశాడు. బిషప్ గారి అనుమతి తెప్పించి పెళ్లి చేస్తానని ఫాదర్ మాటిచ్చారని కూడా చెప్పాడు. రెండు రోజులు వంటింట్లో గిన్నెలే మాట్లాడాయి.

మూడో రోజు ఆవిడ అట్ట ఊడిన తన ప్రార్థన పుస్తకం పట్టుకుని ఒక్కతే బైండింగ్ షాపుకి వెళ్లింది. అమ్మాయి తిప్పి చూసింది. లోపల అదే పాత పేజీ.

"ఇది ఉంచమంటారా, మార్చమంటారా?"

"నా కొడుకు నాకెప్పుడూ ఎదురు చెప్పలేదు. వాడికి నోరెప్పుడొచ్చిందమ్మా?"

"వెయ్యి పేజీలు అంటించాక."

ఆవిడకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "అయితే ఈ ఒక్కటీ నువ్వే అంటించు. వాడిలా పూసెయ్యకు, శుభ్రంగా అంటించు."

"అలాగే అత్తయ్యా" అని ఆమె జిగురు డబ్బా మూత తీసింది.