ముప్పై ఒకటో చాప

"టీ చల్లారిపోయింది," అంది అత్తగారు, కప్పు ముట్టుకోకుండానే.

"పొగలు కక్కుతోంది అత్తయ్యా. తాగి చెప్పండి," అంది పెద్దకోడలు, ఉల్లిపాయల సంచి భుజాన వేసుకుంటూ.

ఏటి వరద పల్లపు వీధుల్ని ముంచెత్తి అయిదు రోజులైంది. నిలువనీడ లేనివాళ్ళంతా చర్చి హాల్లో చాపల మీద తలదాచుకున్నారు. పెద్దకోడలు రోజూ పొద్దున్నే వెళ్ళి, వెనక వంటగదిలో సూపు కాచి, రొట్టెలు కోసి, సాయంత్రానికి తిరిగొస్తోంది. మనిషి మంచిదే. నోరే కాస్త ముందు నడుస్తుంది, మనసు వెనకాల ఆయాసపడుతూ వస్తుంది.

"ఊరందరికీ వండి వారుస్తున్నావు. చిన్నకోడలూ, దాని పిల్లా ఎక్కడున్నారో కనుక్కున్నావా?" అంది అత్తగారు. చిన్నకొడుకు పోయాక మనవరాలిలోనే ఆవిడ వాణ్ణి చూసుకునేది.

"వాళ్ళన్నయ్య ఇంట్లో ఉండుంటుంది. మనతో అవసరం పడితే ఫోన్ చెయ్యదూ?"

"నువ్వు చెయ్యొచ్చుగా?"

"రెండేళ్ళుగా మన గడప తొక్కంది తను. నేనెందుకు చెయ్యాలి?" అనేసి చెప్పులేసుకుంది. అత్తగారు మొహం గోడవైపు తిప్పేసుకుంది.

చర్చి హాల్లో పేర్లతో పిలిచే పద్ధతి లేదు. సాయం కోసం వచ్చినవాళ్ళని పదిమందిలో పేరు పెట్టి పిలిస్తే చిన్నతనంగా ఉంటుందని పాస్టరుగారు చాపలకి నంబర్లు వేయించారు. రిజిస్టరు చూసే పంతులమ్మకి ఆ రోజు గొంతు పూర్తిగా పోవడంతో పుస్తకం పెద్దకోడలి చేతికొచ్చింది. పదకొండింటికి బస్సు. 'బంధువులు' అన్న గడిలో 'లేరు' అని రాయించినవాళ్ళని నూరు మైళ్ళ అవతలి పెద్ద శిబిరానికి పంపేస్తారు. అక్కణ్ణుంచి ఎవరిని ఎక్కడికి తరలిస్తారో పాస్టరుగారికే తెలీదు.

పాపం, ఎవరూ లేరట, అని నిట్టూరుస్తూనే చదివింది. "పన్నెండో చాప! పంతొమ్మిది! ముప్పై ఒకటి!"

ముప్పై ఒకటికి ఎవరూ లేవలేదు.

"ముప్పై ఒకటో చాప! ఒక తల్లి, ఎనిమిదేళ్ళ కూతురు. అమ్మా, బస్సెళ్ళిపోతుంది!"

స్తంభం చాటునుంచి ఒక పిల్ల తొంగిచూసింది. "పెద్దమ్మా!" అని గంతేసి, అంతలోనే నాలిక కరుచుకుంది. "అమ్మ నీకు కనబడొద్దంది."

పిల్ల వెనకాల తోడికోడలు. ఒంటిమీద ఎవరో ఇచ్చిన వదులు స్వెట్టరు, చేతిలో ఒకే ఒక్క సంచి. పెద్దకోడలు రిజిస్టరు చంకన పెట్టుకుని ఎదురెళ్ళింది.

"నువ్వా! అయిదు రోజుల్నుంచీ ఇక్కడా?" నోరు మళ్ళీ ముందు నడిచింది. "మీ అన్నయ్య ఏమయ్యాడు?"

"ఇల్లమ్ముకుని ఎప్పుడో వెళ్ళిపోయాడు."

"మరి మేం చచ్చామా? 'లేరు' అని రాయిస్తావా? నలుగురూ వింటే నా మొహాన ఉమ్మెయ్యరూ?"

"మెల్లిగా అక్కా. నీ పరువు పోకూడదనేగా స్తంభం వెనక కూర్చున్నాను."

"ఎంత పంతమే నీకు! నేను కాచిన సూపు తాగావు, నా ఇంటికి రావడానికి మాత్రం..."

"తాగాను. వరుసలో నిలబడి రెండోసారి కూడా పోయించుకున్నాను. ఇక్కడెవరూ 'మళ్ళీ వచ్చావా' అనలేదు."

రెండేళ్ళ కిందట పెద్దకోడలే అన్న మాట అది. అత్తని చూడ్డానికి పిల్లతో నెలలో మూడోసారి వస్తే, తలుపు సగమే తీసి, చుట్టాలు వింటుండగా అన్న మాట. ఆ రోజు తనకి జ్వరం, ఇంటినిండా పని. ఇప్పుడా సాకులేవీ పనికిరాలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళకి 'మొహమాటపడకండమ్మా, ఇంకాస్త పోయించుకోండి' అంటూ అయిదు రోజులుగా వంటగదిలోంచి కేకలేస్తోంది తను! అందరిముందే ఏడ్చేసింది.

"ఇంటికి పదవే."

"జాలిపడి తీసుకెళ్ళకు. దానికన్నా ఆ బస్సే నయం."

"జాలి కాదే, సిగ్గు. తప్పు నాది. అనకూడని మాట అనేసి, అది ఒప్పుకోలేక రెండేళ్ళుగా నిన్నే తిట్టుకుంటూ కూర్చున్నాను. నన్ను ఎన్ని మాటలైనా అను. బస్సు మాత్రం ఎక్కకు."

బయట హారన్ మోగింది. చిన్నకోడలు సంచి ఎత్తుకుంది. గుమ్మంవైపు రెండడుగులు వేసి, ఆగి, పాస్టరుగారి బల్ల దగ్గరికి నడిచింది.

ఎవరుపడితే వాళ్ళు చుట్టాలమని చెప్పి ఆడవాళ్ళని తీసుకుపోకుండా అక్కడొక నియమం పెట్టారు. వెళ్ళే మనిషే తన నోటితో చుట్టరికం చెప్పాలి. పెద్దకోడలు అలవాటుగా నోరు తెరవబోతే పాస్టరుగారు వారించారు.

"మీరు కాదమ్మా," అని చిన్నకోడలి వైపు తిరిగారు. "ఈవిడ మీకేమవుతారు?"

చిన్నకోడలు పిల్ల వైపోసారి, పెద్దకోడలి వైపోసారి చూసింది.

"అక్క," అంది చిన్నకోడలు చివరికి.

"సొంత అక్కా?" రాసుకుంటూ అడిగారాయన.

చిన్నకోడలు స్వెట్టరు చేత్తో కళ్ళు తుడుచుకుంది. "సొంతం కాకపోతే ఇంత కోపమెందుకొస్తుందండీ?"

పెద్దకోడలు సంచి అందుకోబోయింది.

"అది నేను మోస్తాలే అక్కా. నువ్వు పిల్ల చెయ్యి పట్టుకో."