భానోజీ ప్రతిమీనం

విశాఖలో పొద్దున్నే బీచిరోడ్డు మీద నడకకు వెళ్ళినవాళ్ళు తిరిగొస్తూ ప్రతిమీనశాలలో ఆగడం ఇప్పుడు మామూలే. తమ జన్యువులు పెట్టి పొదిగించిన వేలెడంత చేపను గాజుతొట్టిలో ఒకసారి చూసుకుని, అది హుషారుగా ఈదుతుంటే నిశ్చింతగా కాఫీకి పోతారు. మనిషి డెబ్బై ఎనభై ఏళ్ళు నడిచే దారిని ఆ చేప కొన్ని నెలల్లోనే ఈదేస్తుంది. దానికి ఏ జబ్బు కనిపిస్తే మనిషికి ఆ జబ్బు రాకముందే మందు పడుతుంది. మధుమేహమంటే ఏమిటో పిల్లలకు తెలియనే తెలియదు.

భానోజీ మాత్రం ఏడాదిన్నరగా అటువైపు తొంగిచూడలేదు. అతని ప్రతిమీనం నడివయసులోనే గుండె ఉబ్బి చచ్చిపోయింది. మళ్ళీ పొదిగించారు. మళ్ళీ అంతే. ఆ జబ్బుకు మందు లేదు. రెండేళ్ళు బతికితే గొప్ప అన్నారు.

ఆ రోజు డాక్టర్ ఖుర్షీదా స్వయంగా కబురు చేస్తే, ఇంకేం మిగిలిందని విసుక్కుంటూనే వెళ్ళాడు. ఆవిడ అతనికి కుర్చీ చూపించి, తాను మాత్రం నిలబడే ఉంది.

"భానోజీ గారూ, మీ గుండెకు ఏ జబ్బూ లేదు."

అతను అర్థంకానట్టు చూశాడు.

"మీ వరుస తొట్లకు వేసిన మేత బూజు పట్టి విషమైంది. ఆ వరుసలో చేపలన్నీ అలాగే పోయాయి. మంచి మేత వేసి మళ్ళీ పెంచాం. అదిగో, అదే మీది. ముసలిదైపోయినా ఈదుతూనే ఉంది." "క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదండీ."

తొట్టిలో రంగు వెలిసిన చేప ఒకటి నింపాదిగా తిరుగుతోంది. భానోజీకి కోపం రావాలి. రాలేదు. కాసేపటికి లేచి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు కూడా మరిచిపోయి ఇంటికి పరుగెత్తాడు.

తలుపు తీసిన హైమవతి, భర్త నోట ఆ మాట వింటూనే గోడకు జారబడి కూలబడింది. అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది.

తొమ్మిదేళ్ళ కూతురు తరళ తన గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. చావు ముందే తెలిసిన ఇళ్ళ పిల్లలకు బడిలో 'ముందస్తు ఓదార్పు' తరగతులుంటాయి. తండ్రి లేని ఇంటిని ఊహించుకోవడం, రోజూ కొంచెం కొంచెంగా ఆయనకు ఎడంగా జరగడం అక్కడ నేర్పుతారు. మొదట్లో పిల్ల ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చేది. తర్వాత్తర్వాత ఏడుపు మానేసింది. పాప గట్టిపడిందని టీచరు మెచ్చుకుంది కూడా.

"నేను చచ్చిపోను తల్లీ! వాళ్ళే పొరబడ్డారు!" భానోజీ చేతులు చాపాడు.

తరళ కదల్లేదు. "ఎప్పటికీ చచ్చిపోవా?"

"ఎప్పటికీ అంటే... ఎప్పుడో, బాగా ముసలివాణ్ణయ్యాక. అందరిలాగే."

పాప ముఖం పాలిపోయింది.

"అంటే మళ్ళీ ఏడవాలా నాన్నా? ఒకసారి అయిపోయింది కదా! మళ్ళీ నావల్ల కాదు."

హైమవతి ఏడుపు టక్కున ఆగిపోయింది. తరళ మెల్లగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. తన చావు కబురు విన్ననాడు కూడా నిబ్బరంగా నిలబడ్డ భానోజీ, చాపిన చేతులు దించడం మరిచిపోయి, ఆ మూసిన తలుపు ముందు అలాగే ఉండిపోయాడు.