ఆ ఏడాది ఏమైంది?

“ఫిజిక్స్‌లో ఎఫ్. ఆర్గానిక్ కెమిస్ట్రీలో డి. ఏమైందండీ మీకు రెండో ఏడాదిలో?”

కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, పెద్ద డాక్టరులా గొంతు మార్చి అడిగాడు ఎమెట్. కళ్లజోడూ అతనిది కాదు, టై కూడా అరువే. మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెట్టినవాళ్లు మా డులూత్ ఊళ్లో ఇలా ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. ఒకరు ప్రశ్నలడిగే డాక్టరుగా నటిస్తే, ఇంకొకరు అసలు ఇంటర్వ్యూ అనుకుని జవాబులు చెప్పాలి.

ఎదురుగా కూర్చున్న సిగ్రిడ్ ముఖం పాలిపోయింది.

“మరీ అంత ఘోరమేం కాదండీ,” అంది.

ఎమెట్ పకపకా నవ్వేశాడు. అతనిది లూసియానా. అక్కడ ఒకరికి తలనొప్పి వస్తే వీధి వీధంతా తెలుస్తుంది. మా మిన్నెసోటా సంగతి వేరు. ఇల్లు తగలబడుతున్నా “మరీ అంత ఘోరమేం కాదు” అనే చెబుతాం.

“ఎఫ్ వచ్చింది తల్లీ! అంతకన్నా ఘోరమైంది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.”

“ఫ్లూ వచ్చింది.”

“ఏడాదంతానా? అది ఫ్లూయా, ఇంటికొచ్చి తిష్ట వేసిన చుట్టమా?”

సిగ్రిడ్ కోటు లాక్కుని లేచింది. “నీ జోకులకి చప్పట్లు కొట్టేవాళ్లు ఎక్కడో ఉంటారు. వెళ్లి వెతుక్కో,” అని చరచరా వెళ్లిపోయింది.

బయట వానతోపాటు మంచు పడుతోంది. ఎమెట్ తడుస్తూనే వెనక పరిగెత్తాడు. బస్‌స్టాప్‌లో నిలబడి ఆమె వణుకుతోంది. ఆ వణుకు చలికి కాదని అతనికి చూడగానే అర్థమైంది.

“సారీ. నాకు నోరు ముందు, బుర్ర తర్వాత.”

“తెలుస్తూనే ఉంది.”

“ఫ్లూ కాదు కదా?”

బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కలేదు. బస్సు వెళ్లిపోయింది.

“మంచం దిగలేకపోయాను,” అంది చివరికి. “ఆ చలికాలమంతా. పళ్లు తోముకోవాలన్నా బండ మోసినట్టుండేది. ఫిజిక్స్ పరీక్ష రోజు నేను మెలకువగానే ఉన్నాను తెలుసా? గడియారం చూస్తూ అలాగే పడుకున్నా. అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానన్నా. ఆఖరికి మా రూమ్మేటే లాక్కెళ్లి డాక్టరుకి చూపించింది. డిప్రెషన్ అన్నారు. మందులు వాడాను, కోలుకున్నాను. తర్వాత అన్నిట్లోనూ ‘ఏ’ గ్రేడే.”

“మరి అదే చెప్పొచ్చుగా?”

“చెబితే, రేపు ఈ పిల్ల రోగి ముందే కుప్పకూలుతుందనుకుంటారు. చెప్పకపోతే ఒట్టి సోమరిపోతు అనుకుంటారు. ఫ్లూ అని చెప్పెయ్యమని మా సీనియర్లే సలహా ఇచ్చారు. నాకు డాక్టరవ్వడం తప్ప ఇంకేదీ వద్దు ఎమెట్. తలుచుకుంటే ఊపిరాడదు, అంత భయం.”

ఏం కాదులే అనబోయి ఎమెట్ ఆగాడు. ఏం కాదని అతనికి మాత్రం ఏం తెలుసు?

“అలా అనుకున్నా అనుకోవచ్చు,” అన్నాడు. “నాకూ భయంగానే ఉంది. రేపు మళ్లీ కూర్చుందామా? నవ్వను. ఒట్టు.”

కూర్చున్నారు. మర్నాడూ, ఆ తర్వాతా, ఇద్దరి మధ్యా మా వైపు చేసుకునే వైల్డ్ రైస్ సూప్ పెట్టుకుని. అన్నీ గడగడా చెప్పే సిగ్రిడ్ ఆ జబ్బు పేరు దగ్గరికి రాగానే మళ్లీ మొదటికి వెళ్లిపోయేది. ఎమెట్ సూప్ గిన్నె ఆమె వైపు జరిపి ఊరుకునేవాడు. అంత వాగుడుకాయ ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు. అదే ఆమెకి నచ్చింది. ఒకసారి కళ్లూ కళ్లూ కలిసేసరికి, ఇద్దరూ ఒకేసారి సూప్ వేడిగా ఉందన్నారు. అది చల్లారి చాలాసేపైంది.

ఒకే కాలేజీ నుంచి, ఒకే రోజుకి ఇద్దరికీ పిలుపు వచ్చింది. ముందు ఎమెట్ వెళ్లొచ్చాడు. తర్వాత సిగ్రిడ్‌ని పిలిచారు.

తెల్లజుట్టు డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, నవ్వకుండా అడిగింది. “రెండో ఏడాదిలో ఏమైంది?”

ఫ్లూ అన్న మాట సిగ్రిడ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత చిన్న మాట! అనేస్తే చాలు, ఈ భయం ఇక్కడితో తీరిపోతుంది.

“డిప్రెషన్ వచ్చిందండీ,” అంది. “ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. చదువుకి కొన్నాళ్లు సెలవు పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు.”

డాక్టరమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. “మళ్లీ వస్తే?”

ఈ ప్రశ్నకి వాళ్లు సాధన చేయలేదు. ఇద్దరికీ అడగడానికే భయం వేసింది.

“రావచ్చండీ. రాదని మాటివ్వలేను. అమ్మ ఫోన్ చేసినప్పుడు నిజం చెప్పబుద్ధి కాలేదంటే అదే మొదటి గుర్తు. వెంటనే మా డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఈసారి మాత్రం ఒక్కదాన్నే దాచుకోను.”

బయటికొచ్చేసరికి వరండాలో ఎమెట్ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఏమైంది?”

“చెప్పేశాను.”

“ఆవిడేమంది?”

“బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. ఏదో రాసుకుంది. సీటు పోయిందేమో ఎమెట్.”

అతను చెయ్యి అందించాడు. ఆమె గట్టిగా పట్టుకుంది.

“దాచుకోకపోతే ఎవరితో చెబుతావని అడిగింది. నీ పేరు చెప్పాను. నిన్నొక మాట అడక్కుండానే.”

ఎమెట్ ఆమె చెయ్యి వదల్లేదు. “చెప్పు,” అన్నాడు. “ఎప్పుడైనా సరే. నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి తలుపు విరిగేలా బాదుతాను.”

“ఆవిడ ఇంకోటి కూడా అడిగింది. ఎమెట్ నీకేమవుతాడని.”

“నువ్వేమన్నావ్?”

సిగ్రిడ్ అతని కళ్లలోకి చూసింది. “మిగతా అన్నిటికీ జవాబు చెప్పాను,” అంది. “ఆ ఒక్కదానికే తడబడ్డాను.”