పసుపు చున్నీ పిల్ల తిరిగొస్తదా?

"తర్వాతి ప్రశ్న," అన్నాడు అఖిలేష్, స్టాండుకు తగిలించిన ఫోన్‌లోకి చూస్తూ. "మాపటి మంద సినిమా రెండో పార్టుల పసుపు చున్నీ పిల్ల తిరిగొస్తదా? దినాం ఇదే అడుగుతున్నరు. జవాబు వినున్రి. రాదు. ఎందుకంటే ఆ పిల్లనే లేదు. అది గ్రాఫిక్స్. మనిషి అన్నోళ్లు గట్ల నడవలేరు."

"నడుస్తరు," అంది పరదా అవతలి నుంచి ఒక గొంతు.

జహీరాబాద్ బస్టాండుకు ఎదురుగా ఉంది అఖిలేష్ మొబైల్ దుకాణం. ముందు సగంలో రిపేరు పని, పరదా వెనక సగంలో యూట్యూబ్ ఛానెల్. రెండు సగాలకూ యజమాని, కూలీ అతనే.

పరదా పక్కకు జరిగింది. ట్రాక్టర్ ఫ్యాక్టరీ వాళ్ల నీలం యూనిఫాం, మెడలో కార్డు, చేతిలో అద్దం పగిలిన ఫోను. కార్డు మీద కృప అని ఉంది. కళ్లలో మాత్రం ఆ పేరుకు తగ్గ లక్షణం ఏదీ కనిపించలేదు.

"రికార్డింగ్ నడుస్తుంది. జర ఆగున్రి," అన్నాడు అఖిలేష్.

"ఆగాల్సింది నువ్వే అన్నా. గ్రాఫిక్స్ అని ఎవరు చెప్పిన్రు నీకు?"

"చెప్పేదేముంది? చూస్తే తెలుస్తలేదా?"

"అయితే చూడు."

ఆమె బూట్లు విప్పింది. దుకాణం ఆ చివరికి వెళ్లి, ఇటు తిరిగింది. ఎడమ భుజం కిందికి జారింది. తల వాలింది. పాదం నేలను వదలకుండా ముందుకు జారి, పక్కకు ఒరుసుకుంటూ ఆగి, అప్పుడు గాని ఒంటి బరువు దాని మీదికి రాలేదు. మళ్లీ రెండో పాదం. కళ్లు మాత్రం ఎదుటి మనిషిని వదల్లేదు.

ఛార్జర్ కోసం వచ్చిన పాండు, ఛార్జర్‌ను బల్ల మీదే పెట్టేసి రోడ్డెక్కాడు.

అఖిలేష్ నోరు తెరిచాడు. ఆ నడకను అతను ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలియదు. ముందుకీ వెనక్కీ తిప్పి, ఆపి, పెద్దది చేసి చూశాడు. మాపటి మంద సినిమాలో ఆ సీను తెలియని కుర్రాడు తెలంగాణలో లేడు. పొద్దుగూకే వేళ, కోత అయిన చెరుకు తోటలో హీరో ట్రాక్టరు ఆగిపోతుంది. పొగలోంచి శవాల మంద లేచి వస్తుంది. అన్నిటికంటే ముందు పసుపు చున్నీ పిల్ల. హీరో గొంతు దాకా వచ్చి, ఒక్క క్షణం నిలబడి, కరవకుండా పక్కకు తిరిగి వెళ్లిపోతుంది. ఎవరా పిల్ల? ఎందుకు కరవలేదు? రెండో భాగం షూటింగు మొదలవుతోందని తెలిసినప్పటి నుంచి అభిమానులకు వేరే ప్రశ్న లేదు.

"నువ్వేనా?" అన్నాడు చివరికి.

"గ్రాఫిక్స్‌తోని మాట్లాడుతున్నవ్ ఏంది అన్నా," అంది కృప బూట్లు తొడుక్కుంటూ. "ఫోను అద్దం మార్చి పెట్టు. ఆ వీడియోల మాట కూడ మార్చు. రెండూ సరిగ్గ చేస్తేనే మల్ల వస్త."

ఆ సాయంత్రం అఖిలేష్ రెండూ మార్చాడు. ముందు వీడియో మార్చాడు.

* * *

"ఇంటర్వ్యూ కావాల్నా? అయితే తోటకు రా," అంది కృప ఫోను తీసుకోవడానికి వచ్చినప్పుడు.

ఆదివారం చర్చి అయ్యాక ఆమె రాయికోడ్ వైపు దారి చూపించింది. ఆమె తండ్రి ఇస్సాకు కౌలుకు చేసే చెరుకు పొలం అది. అప్పుడే కోత అయింది. నరికిన గడలు పోయి, నేలంతా ఏటవాలుగా తెగిన మోళ్లు కత్తుల్లా నిలబడి ఉన్నాయి.

"చెప్పులు ఇడువు," అంది.

"ఎందుకు?"

"తడి నల్లమట్టి. చెప్పులుంటే అవి ఈడ్నే ఉంటయి, నువ్వు ముందటికి పోతవ్."

అఖిలేష్ చెప్పులు విడిచి, పాదం ఎత్తి ధైర్యంగా ఒక అడుగు వేశాడు. మరుక్షణం ఒంటికాలి మీద గెంతుతూ గట్టుకు వచ్చాడు.

కృప నవ్వు ఆపుకోలేదు. అసలు ఆపుకోవాలన్న ఆలోచన ఉన్నట్టే లేదు. "కాలు ఎత్తి ఏస్తే మోడు దిగుతది. జార్చాలె. పక్కకు తోసుకోవాలె. అప్పుడు బరువు మోపాలె. భుజం మీద చెరుకు మోపు ఉందనుకో. చిన్నప్పటి సంది గిట్లనే నడిచిన. షూటింగుల డైరెక్టరు అందర్నీ శవాల లెక్క నడువున్రి అన్నడు. అందరు చేతులు చాపి ఊగిన్రు. నేను మా పొలంల నడిచినట్టు నడిచిన."

"మరి హీరోని ఎందుకు కరవలే? జనం సస్తున్నరు ఈ ప్రశ్నతోని. జాలి అంటరు కొందరు, పాత ప్రేమ అంటరు కొందరు. నేనైతే పోయిన జన్మ అని వీడియో చేసిన."

కృప పెదవి కొరుక్కుంది. "అది చెప్ప."

"ఎందుకు?"

"సిగ్గు."

శవంగా నటించిన పిల్ల సిగ్గుపడితే ఎలా ఉంటుందో అప్పటిదాకా ఎవరూ అఖిలేష్‌కు చెప్పలేదు. చూడటం మొదలుపెట్టాక ఆపడం ఎలాగో కూడా తెలియలేదు. పైగా అకాలంలో చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ ట్రాక్టరు ట్రాలీ కిందికి దూరారు. ట్రాలీ ఇరుకు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

"జర అటు జరుగు, అఖిలేష్," అంది కొంతసేపటికి.

అతను జరగలేదు. అన్నా అన్న మాట ఎక్కడ జారిపోయిందా అని ఆలోచిస్తున్నాడు. వెతికే ఉద్దేశం మాత్రం లేదు.

"ఏం చేస్తున్నరు ఆడ?"

గట్టు మీద గొడుగుతో ఇస్సాకు. మంచి ఎత్తు, చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా. అఖిలేష్ బయటికి వచ్చి నమస్తే పెట్టి, తానెవరో, ఏ ఛానెలో చెప్పాడు. ఇస్సాకు ముఖం గంటు పెట్టుకున్నాడు.

"సినిమా ముచ్చట ఈడ ఎత్తకు పిలగా. బతికున్న బిడ్డకు శవం ఏసం ఏసిన్రు. ఇంటిల్లిపాది మాటలు పడ్డం. వచ్చిన సంబంధమోళ్లు కూడ అదే అడిగిన్రు, ఎవలకు చెప్పొద్దన్నరు. పోనీ సినిమాల పేరన్న ఏసిన్రా అంటే అదీ లేదు."

"రెండో పార్టుకు పిలిస్తే పోత నాయినా," అంది కృప, వానలో నిలబడి. "దాసుకునే సంబంధం నాకొద్దు. పేరుతోని పోత. మొకం చూపిస్త."

"నేను ఒప్పుకోను."

"నువ్వు ఒప్పుకుంటవని నేను అన్నానా?"

తండ్రీకూతుళ్లు ఇద్దరూ ఒకేలా గడ్డం ఎత్తి చూసుకున్నారు. మధ్యలో చెప్పులు చేతబట్టుకున్న అఖిలేష్, ఇలాంటి ఇంటికి అల్లుడైతే బతుకు ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. భయమేసింది. ఇష్టంగానే భయమేసింది.

* * *

సినిమా వాళ్ల ఫోను రెండు రోజులకు వచ్చింది. మనిషి పేరు మదన్‌మోహన్, పబ్లిసిటీ మేనేజరు. శనివారం సాయంత్రం జహీరాబాద్ ఫంక్షన్ హాల్లో అభిమానులతో ప్రశ్నలు, జవాబులు. యాంకరు అఖిలేష్.

"షూటింగులో నీ కెమెరాకు మాత్రమే పర్మిషన్ ఇస్తాం తమ్ముడూ," అన్నాడు. "ఒక్కటే మాట. పసుపు చున్నీ అమ్మాయిగా సహస్ర వస్తోంది. హైదరాబాద్ మోడల్. మొదటి పార్టులోనూ ఆమే అని చెప్పాలి. అప్పుడు పొగలో ముఖం కనిపించలేదుగా."

"కాని అప్పుడు చేసింది వేరే పిల్ల సార్. ఈడ్నే ఉంటది."

"తెలుసు. ఆమెను కూడా పిలుస్తాం. సహస్రకు నడక నేర్పిస్తుంది. తెర వెనక."

అఖిలేష్ కుదరదు అనబోయాడు. ఈలోగా మదన్‌మోహన్ ఫోను పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఈ మాట కృపకు ఎలా చెప్పాలా అని అతను రెండు రోజులు నాన్చాడు. అదే అతను చేసిన తప్పు. మూడో పొద్దుకు బస్టాండు గోడ మీద పోస్టరు వెలిసింది. పసుపు చున్నీలో సహస్ర, పక్కన అతని ఛానెల్ నుంచి తీసిన ఫోటోలో నవ్వుతూ అఖిలేష్.

ఫ్యాక్టరీ బస్సు దిగిన కృప పోస్టరు ముందు కొంచెంసేపు నిలబడింది. తర్వాత రోడ్డు దాటి దుకాణంలోకి వచ్చింది.

"నేను చెప్దామనుకున్న కృపా..."

"ఏం చెప్తవ్? నేను గ్రాఫిక్స్ అని మొదట్ల నువ్వే అన్నవ్. ఇప్పుడు నిజం చేసినవ్."

"నేను ఒప్పుకోలే. ఆయన ఫోను ఎత్తుతలేడు."

"పోస్టర్ల పండ్లన్నీ కనిపిస్తున్నయి." ఆమె మెట్టు దిగుతూ వెనక్కి చూసింది. "మంచిగ నవ్వినవ్ అన్నా."

పోయిన అన్నా మళ్లీ వచ్చింది. మోడు గుచ్చుకున్నా అంత నొప్పి కలగలేదు అతనికి.

* * *

శనివారం హాలు కిక్కిరిసింది. జహీరాబాద్, న్యాల్‌కల్ కుర్రాళ్లే కాదు, సరిహద్దు దాటి బీదర్ వైపు నుంచి కూడా వచ్చారు. కొందరు ముఖాలకు తెల్ల పౌడరు, పెదాలకు ఎర్ర రంగు పూసుకుని వచ్చారు.

ప్రశ్నలు మొదలయ్యాయి. హీరో బతికే ఉన్నాడా? చెరుకు రసం తాగితే శవాలు మనుషులవుతాయన్నది నిజమా? ట్రాక్టరు మళ్లీ స్టార్టవుతుందా? అఖిలేష్ ఈలల మధ్య ఒక్కొక్కటీ దాటిస్తున్నాడు. అప్పుడు ముందు వరసలో ఒకడు లేచాడు.

"సహస్ర మేడమ్, మీరు హీరోని ఎందుకు కరవలే?"

సహస్ర తనకు నేర్పిన జవాబును నేర్పినట్టే చెప్పింది. "ఎందుకంటే... ప్రేమ."

చప్పట్లతో పైకప్పు అదిరింది. పక్కన నిలబడ్డ మదన్‌మోహన్ తర్వాతి ప్రశ్నకు పొమ్మని చెయ్యి తిప్పాడు.

అఖిలేష్ కదల్లేదు. షూటింగులో తన ఒక్కడి కెమెరాకే ఇస్తామన్న పర్మిషన్ గుర్తుకొచ్చింది. పరదా అవతలి గొంతూ గుర్తుకొచ్చింది.

"ఆగున్రి," అన్నాడు మైకులో. "ఆ సీన్ల ఉన్నది ఈమె కాదు. ఈమె అని చెప్పుమని నాకు చెప్పిన్రు. నేను చెప్ప. చేసింది మన రాయికోడ్ తొవ్వల ఉండే పిల్ల. పేరు..."

మైకు ఆగిపోయింది.

అఖిలేష్ దాన్ని కింద పెట్టి, స్టేజీ అంచుకు వచ్చి గొంతు చించుకున్నాడు. "పేరు కృప. ఆమె ఎందుకు కరవలేదో నాకు తెల్వది. కాని ఆ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే."

"నాకూ ఎరుకే," అంది వెనక నుంచి ఒక గొంతు.

తలలన్నీ తిరిగాయి. చివరి వరసలో తెల్ల చొక్కా ఇస్సాకు లేచి నిలబడ్డాడు.

"ప్రేమ లేదు, గీమ లేదు. చాయ్. షూటింగు నాడు గట్టు మీద నేను చాయ్ పట్టుకొని నిలబడి, చల్లారుతుంది రా బిడ్డా అని చెయ్యి ఊపిన. అది హీరోని ఇడిసిపెట్టి నా దిక్కు వచ్చింది. కెమెరా తిరుగుతుందని దానికి ఎరుక లేదు, నాకూ ఎరుక లేదు."

హాలంతా నవ్వుతో ఊగిపోయింది.

ఇస్సాకు చెయ్యెత్తాడు. "నా బిడ్డ శవం ఏసం ఏసుడు నాకు ఇష్టం లేకుండె. ఇప్పటికీ లేదు. కాని ఏసింది నా బిడ్డ. ఇంకొకలు ఏసిన్రంటే మాత్రం ఊకోను." పక్క కుర్చీలో ఉన్న కృప వైపు తిరిగాడు. "నడువు బిడ్డా. చూడనీ వీళ్లను."

కృప బూట్లు విప్పింది. కుర్చీల మధ్య దారిలోకి వచ్చింది. ఎడమ భుజం జారింది, తల వాలింది, పాదం నేలను ఒరుసుకుంటూ ముందుకు కదిలింది. అరుపులు లేవు, ఈలలు లేవు. పౌడరు పూసుకున్న కుర్రాళ్లు కుర్చీల మీదికి కాళ్లు ఎత్తేసుకున్నారు. వందల ఫోన్లు ఆమెతోపాటు కదిలాయి.

స్టేజీ మీద సహస్ర ముందుకు వచ్చింది. "నాకు నిజం చెప్పలేదండి. ఎవరూ చేయని పాత్ర అన్నారు," అంటూ తన పసుపు చున్నీ తీసి కృప భుజాల మీద వేసింది. అప్పుడు పేలింది హాలు.

ఆ ఫోన్లన్నీ చూసి మదన్‌మోహన్ చిటికెలో నవ్వు తెచ్చుకున్నాడు. మైకు కూడా చిటికెలో బతికింది. "ఇదే మేం ప్లాన్ చేసిన సర్‌ప్రైజ్!"

"కాదు," అంది కృప మైకు లాక్కుని. "సర్‌ప్రైజ్ మీకే. నా పేరు తెర మీద ఏస్తే వస్త. నా మొకం చూపిస్తే వస్త. తెర వెనకకైతే రాను. నాకు ట్రాక్టర్ల పని ఉంది, చెరుకు తోట ఉంది. మీకే నడక లేదు."

కృప, కృప అంటూ హాలు దద్దరిల్లుతుంటే మదన్‌మోహన్ ఫోను మోగింది. అవతల డైరెక్టరు. అభిమానుల ఫోన్ల నుంచి వస్తున్న లైవ్ చూస్తున్నాడట. మదన్‌మోహన్ విన్నాడు, తల ఊపాడు, మళ్లీ ఊపాడు. "పేరు ఇంగ్లీషులో వేయాలా, తెలుగులోనా అని అడుగుతున్నారు," అన్నాడు చిన్న గొంతుతో.

"తెలుగుల," అంది కృప. "మా నాయిన చదవాలె."

* * *

బయట సన్నగా వాన. అఖిలేష్ ఫంక్షన్ హాలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తన కెమెరాకు షూటింగులో చోటు లేదని మదన్‌మోహన్ పోతూ పోతూ చెప్పేశాడు.

కృప వచ్చి పక్కన నిలబడింది. చున్నీ ఇంకా భుజాల మీదే ఉంది.

"పర్మిషన్ పోయిందట కద."

"పోనీ. ప్రశ్నలు నా దగ్గర ఇంక ఉన్నయి."

"ఏంది?"

"పసుపు చున్నీ పిల్ల తిరిగొస్తదా?"

"యాడికి?"

"మా దుకాణానికి."

"ఫోను ఖరాబైతే వస్త."

"కాకపోతే?"

"నువ్వే చేసుకో ఖరాబు. రిపేరోనివి కద." ఆమె చున్నీ అంచు పిండుతూ అతని వైపు చూడకుండా అంది. "మల్ల ఎవరి పక్కనన్న పండ్లు కనిపియ్యంగ నవ్వినవంటే మాత్రం ఈసారి కరుస్త."

"అన్నా అనలేదు," అన్నాడు అఖిలేష్.

"అనలేదు."

"ఇగ అనవా?"

"అన."

వెనక గొడుగు తెరుచుకున్న చప్పుడు. ఇస్సాకు వచ్చి ఇద్దరి మీదా గొడుగు పట్టాడు. తాను తడుస్తున్నాడు.

"పిలగా, ఓ మాట అడుగుతా, నిజం చెప్పు."

అఖిలేష్ లేచి నిలబడ్డాడు. "అడుగున్రి కాకా."

"రెండో పార్టుల హీరో బతికుంటడా?"

కృప తండ్రి వైపు నోరు తెరిచి చూసింది. ఆ సినిమా పేరెత్తితేనే మండిపడే మనిషి చూపు తప్పించుకుని వాన వైపు తిరిగాడు.

"ఏందే, నేను చూడొద్దా? నా బిడ్డ ఉన్న సినిమా." తర్వాత అఖిలేష్‌తో, "తెల్వకుంటే తెలుసుకొని ఆదివారం ఇంటికొచ్చి చెప్పు. చాయ్ పెడతం. ఈసారి గట్టు మీద కాదు, ఇంట్ల కూసోని తాగుదువు," అన్నాడు.