ఇరవైకి ఇరవై

పొద్దున్న ఎనిమిదికే కుట్టుమిషన్ చప్పుడు మొదలైంది. ఆరు జతల స్కూలు యూనిఫారాలు ఆ రోజే ఇచ్చేయాలి. మిషన్ కింద, కుడుతున్న అమ్మ కాళ్ళ దగ్గర, రెండేళ్ళు దాటిన గుండీగాడు గుండీలు పేరుస్తున్నాడు. తెల్లవన్నీ ఒక వరస, నల్లవన్నీ ఒక వరస. ఆ ఆట చూసి నాయనమ్మ పెట్టిన ముద్దుపేరది. అసలు పేరుకి వాడెలాగూ పలకడు.

పదింటికి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పోయినసారి ఆవిడ ఒక కాగితం ఇచ్చి, వాడిని గమనించి ఉన్నదున్నట్టు నింపుకు రమ్మంది. ఇరవై ప్రశ్నలు. ఆటిజం అనే మాట డాక్టరు ఒక్కసారే, మెల్లగా అంది. ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే నిజమైపోతుందేమోనని భయం. వాడి నాన్నకీ నాలుగేళ్ళకి గానీ మాటలు రాలేదని అత్తగారు మాత్రం రోజుకోసారి చెప్పేది.

భర్త లిఫ్టు మెకానిక్. సగం రోజు సెలవు పెట్టాడు. చొక్కా తొడుక్కుంటూ ఆ కాగితం తీసి చూశాడు. చదివేకొద్దీ చేతులు ఆగిపోయాయి.

"ఇది ఎవరి పిల్లాడి కాగితం?"

"మనవాడిదే." ఆమె మిషన్ ఆపలేదు.

"పిలిస్తే తిరుగుతాడా అంటే ఔనని రాశావు. ఎప్పుడు తిరిగాడు?"

డబ్బా ఆడిస్తే తిరుగుతాడని గొణిగింది. వారం రోజులుగా పేరు పిలవడం, గుండీల డబ్బా గలగలలాడించడం, అదే పని. పరీక్షకి తయారు చేసినట్టు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోయిందనుకో. అంతా బాగానే ఉందని రాసి పంపితే చూడ్డానికి ఎవడొస్తాడు?"

"నా కొడుకు లిఫ్టు కాదండీ."

మిషన్ ఆగింది. కింద గుండీకి గుండీ తగిలే చిన్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఆమె ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పి బడి మానేసింది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తేది కాదు.

"ఆ ప్రశ్నలు చూస్తే పరీక్ష కాగితంలాగే అనిపించింది. నాలాగా వాడు కూడా తప్పకూడదనుకున్నాను. ఇరవైకి ఇరవై వస్తే ఇక ఎవరూ ఏమీ అనరు కదా."

అతనికి కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఏ అంతస్తులో ఇరుక్కున్నవాళ్ళనైనా తలుపు తీసి దింపేవాడు. తన ఇంట్లో ఆ తలుపెక్కడుందో అర్థం కావడం లేదు. తల్లివైపు తిరిగాడు.

"రోజంతా వాడితోనే ఉంటావు. నువ్వైనా చెప్పలేదేం అమ్మా?"

బట్టలు మడతపెడుతున్న ఆవిడ తలెత్తకుండానే చెప్పింది. కోడలు బజారుకి వెళ్ళినప్పుడల్లా తనూ వాడిని పిలిచి చూసేదట. వీపు వెనకనించి, చెవి పక్కనించి. మొన్నయితే ముప్పైసార్లు పిలిచిందట. తన గొంతు బొంగురుపోయింది తప్ప వాడు చూడలేదు.

"మరి వాడు 'నాయనమ్మా' అన్నాడని చెప్పావు కదా?"

"అనలేదురా." ఆవిడ చేతిలో చొక్కా మడత విడిపోయింది. "నీకు నాలుగేళ్ళకి మాటలొచ్చాయన్నదీ అబద్ధమే. ఏడాదికే వాగుడుకాయవి. నీ నోరు మూయించలేక చచ్చేదాన్ని."

ఎవరికీ నవ్వు రాలేదు. కోడలు వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారని అప్పుడు తెలిసింది. "నాకైనా చెప్పొచ్చు కదా అత్తయ్యా," అంది, ఏడుస్తూనే.

"నువ్వు చెప్పావా అమ్మాయ్?"

పెన్సిలు టిక్కులే కాబట్టి రబ్బరుతో చెరిపేశారు. అతను చదువుతుంటే ఇద్దరాడవాళ్ళూ జవాబు చెప్పారు. వేలితో చూపిస్తాడా? లేదు. ఏదైనా తెచ్చి చూపిస్తాడా? లేదు. ఒక్కో 'లేదు' దగ్గరా పెన్సిలు కాస్త ఆగింది.

తొమ్మిదిన్నరకి బిడ్డకి చెప్పులు తొడగాలని ఆమె నేలమీద కూర్చుంది. పేరు పెట్టి పిలిచింది. డబ్బా ముట్టుకోలేదు. వాడు తిరగలేదు. నల్ల గుండీ ఒకటి తీసి తెల్ల వరస చివర పెట్టింది. వాడు దాన్ని పక్కకి నెట్టేశాడు. ఈసారి తెల్లది అరచేతిలో పెట్టి చాపింది, చాలాసేపు.

వాడు ఆమె ముఖంలోకి చూడలేదు. గుండీ మాత్రం ఆమె చేతిలోంచే తీసుకున్నాడు.