నాగేశ్వర పళ్ళసెట్టు

కళ్యాణదుర్గం బస్సు అనంతపురం చేరేసరికి పదకొండు దాటింది. ఎండ అప్పటికే నెత్తిమీద కూర్చుంది. అయినా పళ్ళాస్పత్రి మెట్లు ఎక్కుతున్న ఓబన్న మంచి హుషారులో ఉన్నాడు. యాభై ఏడేళ్ళ మనిషికి పళ్ళ డాక్టరు దగ్గర హుషారేమిటని అనుకోవచ్చు. టమోటా మండీలో వేలం పాడేవాడికి నోరే ఆధారం. బోరు నీళ్ళు తాగి తాగి పళ్ళు గారపట్టి, పెళుసుబారి, ఒక్కొక్కటే రాలిపోయాక ఆ నోరు కట్టుడు పళ్ళ పాలైంది. పోయిన కార్తీకంలో "పోతాంది... పోతాంది..." అని గొంతెత్తగానే పై వరస ఊడి టమోటా పెట్టెలో పడింది. మండీ అంతా కడుపు పట్టుకుని నవ్వింది. పీకినా ఊడని పళ్ళు పెట్టించుకోవాలని ఆ పూటే నిర్ణయించుకున్నాడు.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. అది బయటికి చెప్పుకునేది కాదు.

ఆ కట్టుడు పళ్ళు అతనివి కావు. చచ్చిపోయిన అన్న నాగేశ్వరవి.

నాగేశ్వర సోకు మనిషి. బెంగళూరులో చేయించుకున్న పళ్ళసెట్టు లేకుండా, పెళ్ళాం రామాంజినమ్మ ముందు తప్ప ఇంకెవరి ముందూ నోరు తెరిచేవాడు కాదు. రెండేళ్ళ కిందట మంచాన పడ్డప్పుడు తమ్ముడి చెయ్యి పట్టుకుని, "బోసినోటితో నన్ను పంపొద్దురా" అన్నాడు. ఓబన్న సరేనన్నాడు. తీరా శవానికి నీళ్ళు పోసేటప్పుడు, ఇంత మంచి సెట్టు మట్టిపాలు చేయడమెందుకని జేబులో వేసుకున్నాడు. "పెట్టినావా?" అని వదిన అడిగితే, "పెట్టినా వదినా" అనేశాడు. కొన్నాళ్ళకు తనూ బెంగళూరులోనే చేయించుకున్నానని చెప్పి అవే పెట్టుకు తిరిగాడు. రామాంజినమ్మ నమ్మింది. పెళ్ళాం లేని మరిదికి రెండు పూటలా వండి పెడుతున్న మనిషి, నమ్మక ఏం చేస్తుంది? ఆ నమ్మకమే ఓబన్నకు నిద్ర లేకుండా చేసింది. ఈ రోజే కొత్త పళ్ళు బిగిస్తారని అతని లెక్క. అవి రాగానే, ఆమెను ఇంటి దగ్గర దింపి, సెట్టు తీసుకుపోయి అన్నను పూడ్చిన చోట పూడ్చేయాలి. వదినకు తెలిసేలోపే ఈ పాపం వదిలించుకోవాలి.

ఆస్పత్రికి తోడు వచ్చింది కూడా ఆ వదినే. గాజు తలుపు బయట బెంచీ మీద, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది.

డాక్టరు ఇఫ్రా చిన్నపిల్లలా ఉంటుంది కానీ పనిమంతురాలు. కంప్యూటర్‌లో అతని దవడ ఎముకను అటూ ఇటూ తిప్పి చూపించింది.

"మీ సెట్టు మీ నోట్లో పెట్టి ఒకసారి, సెట్టును ఒక్కదాన్నే ఇంకోసారి స్కాన్ తీసినాం కదా. ఆ కొలతలతోనే ఈ అచ్చు చేసినాం. దీని తూట్లలోంచే డ్రిల్లు ఎముకలోకి దిగుతాది, ఆ గుంతల్లోనే పళ్ళు నిలబెట్టే స్క్రూలు బిగిస్తాం. వెంట్రుకంత కూడా పక్కకు పోదు."

ఓబన్న కుర్చీలోంచి సగం లేచాడు. స్కాన్ రోజు సెట్టు కదలకుండా లోపల బంక దట్టంగా పూసుకుని వచ్చాడు. "గట్టిగా కూర్చుంటాదా?" అని ఆమె అడిగితే, "రాయి మాదిరి కూర్చుంటాది" అన్నాడు. ఇంకొకరి నోటికి చేసిన సెట్టును బట్టి తీసిన అచ్చు తన చిగుళ్ళకు ఎలా సరిపోతుంది? ఇప్పుడైనా చెప్పేయొచ్చు. గాజు తలుపు వైపు చూశాడు. వదిన తననే చూస్తోంది. నోరు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

సెట్టు తీసి పక్కన ట్రేలో పెట్టారు. మత్తు సూదులు పడ్డాయి. మొహం మీద పచ్చగుడ్డ కప్పారు. నోటి దగ్గర మాత్రమే రంధ్రం. అచ్చు లోపలికి పోయింది.

టక్కుమని కూర్చుంది.

"అబ్బ! చూడు కేశవా, ఎంత బాగా పట్టేసిందో," అంది ఇఫ్రా సంబరంగా తన అసిస్టెంటుతో. "ఇంత కరెక్టుగా కూర్చున్న అచ్చు నేనింతవరకు చూళ్ళేదు."

గుడ్డ కింద ఓబన్న కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాడు.

డ్రిల్లు మొదలైంది. నొప్పి లేదు. ఎముకలోంచి వచ్చే గుర్రుమనే చప్పుడు పుర్రె అంతా నిండింది. "నీళ్ళు" అంటుంది ఇఫ్రా. కేశవ నీళ్ళు పోస్తాడు. మళ్ళీ డ్రిల్లు. మళ్ళీ నీళ్ళు. గదిలో స్పిరిటు వాసన, లవంగ నూనె వాసన. కాసేపటికి ఆ రెండూ పోయి ఇంకో వాసన వచ్చింది.

తడిమట్టి వాసన.

జిల్లాలో వాన పడి నాలుగు నెలలైంది. ఈ ఏసీ గదిలోకి తడిమట్టి ఎక్కడిది? ఓబన్నకు ఆ వాసన తెలుసు. అన్న పోయిన రోజు నేల రాయిలా ఉంటే ట్యాంకరు తెప్పించారు. నీళ్ళు పోసి, గడ్డపారతో పొడిచి, మళ్ళీ నీళ్ళు పోసి... అలాగే గుంత తవ్వారు.

"నీళ్ళు" అంది ఇఫ్రా.

డ్రిల్లు దిగింది.

భయం వేసింది ఓబన్నకు. చిన్నప్పుడు బావిలో పడ్డప్పుడు కూడా అంత భయపడలేదు. లేవాలనుకున్నాడు. లేస్తే డ్రిల్లు ఎక్కడ గుచ్చుకుంటుందో... కదల్లేదు.

"కరవొద్దన్నా" అంది ఇఫ్రా.

అతను కరవడం లేదు.

"అన్నా, దవడ వదులు చేయండి... నా వేలు..."

అతను బలమంతా పెట్టి నోరు తెరిచి ఉంచుతున్నాడు. దవడ మాత్రం మూసుకుపోతోంది. మెల్లగా... పట్టుదలగా... ఇంకెవరో మూస్తున్నట్టు. కేశవ రెండు చేతులతో గడ్డం లాగి పట్టుకున్నాడు. నాలుక తనంతట తాను కదిలింది. మొదటి స్క్రూను తడిమింది. తర్వాత రెండోదాన్ని. మూడోదాన్ని...

ఎంతసేపు గడిచిందో తెలియదు. మొహం మీద గుడ్డ తీశారు. మధ్యాహ్నపు వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది.

"అయిపోయింది," అంది ఇఫ్రా, వేలు రుద్దుకుంటూ. "కొత్త పళ్ళు ఆరు నెలల తర్వాతే. ఎముక స్క్రూలను పట్టుకోవాల కదా. అంతవరకు బోసిగా ఎందుకని మీ పాత సెట్టునే తూట్లు పెట్టి బిగించేసినా. భలే గట్టి సెట్టు అది. ఇంక పీకినా రాదు."

తీసేయమ్మా, అది నాది కాదమ్మా అని అరవాలనుకున్నాడు ఓబన్న. నోటినిండా దూది గుడ్డలు. పెదవులు మొద్దుబారి ఉన్నాయి.

"మాట్లాడొద్దు. గంటసేపు గట్టిగా కరిచిపట్టుకోండి," అని ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది.

గాజు తలుపు తోసుకుని రామాంజినమ్మ వచ్చింది. కుర్చీ పక్కన నిలబడి మరిది నుదుటి మీద చెమట చూసింది.

"నొప్పిగా ఉండాదా అప్పా?"

ఓబన్న అడ్డంగా తలూపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కాళ్ళ మీద పడి అంతా చెప్పేయాలనిపించింది. అంతకంటే ఎక్కువగా, ఈ నోరు ఆమె ముందు జన్మలో తెరవకూడదనిపించింది. పెదవులు బిగించాడు. గుడ్డను ఇంకా గట్టిగా కరిచాడు.

"అంజీ..."

మెత్తగా, స్పష్టంగా, మంచంలోంచి నీళ్ళడిగినట్టు ఉంది ఆ పిలుపు.

"ఆఁ, ఈడే ఉండానయ్యా," అంది రామాంజినమ్మ, అలవాటుగా. అన్నాక ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మాట్లాడొద్దన్నా కదా," అంది ఇఫ్రా వెనక్కి తిరక్కుండానే.

"ఆయన నోరు తెరవలేదు మేడం," అన్నాడు కేశవ నెమ్మదిగా.

రామాంజినమ్మ మరిది కళ్ళలోకి చూడలేదు. అతని మూసిన నోటినే చూస్తోంది.

"ఆ పేరు ఇంట్లో ఎవరికీ తెలీదు," అని గొణిగింది. "తలుపేసుకున్నాక తప్ప పిలిచేవాడే కాదు..."

ఆమె వంగి తన చెవిని అతని నోటి దగ్గరికి తెచ్చింది.

ఓబన్న రెండు చేతులతో గడ్డాన్ని కింది నుంచి పైకి నొక్కిపట్టాడు. లోపల, గుడ్డ వెనకాల, నాలుక ఇంకో మాట కోసం కదులుతోంది.