కొట్టేసిన పంతొమ్మిది

ప్రతి గదికీ కొన్ని సొంత స్వరాలుంటాయి. ఆ స్వరం పలికిస్తే గదంతా వణుకుతుంది, కొన్ని చోట్ల మాత్రం ఏమీ కదలదు. గదిని కంప్యూటర్లో చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఆ స్వరాలను లెక్కగట్టడం అక్క పని. పాత సినిమాహాలుకు కొత్త స్పీకర్లు బిగించడం తమ్ముడి పని. ఇద్దరే మనుషులు, ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు.

గళ్ళ లెక్కలో అప్పుడప్పుడు దొంగ సంఖ్యలు దూరుతుంటాయి. గళ్ళు ఇంకా చిన్నవి చేసి మళ్ళీ లెక్కిస్తే దొంగవి జారుకుంటాయి, అసలువి నిలుస్తాయి. అక్కకు ఇది తెలియంది కాదు. కానీ మధ్యాహ్నం మూడింటికల్లా జాబితా ఇమ్మని హాలు యజమాని ప్రాణాలు తోడేస్తున్నాడు. అందులో పంతొమ్మిది కనబడింది. సెకనుకు పంతొమ్మిది ఊపులు, చెవికి కూడా అందదు. కంప్యూటర్ గీసిన బొమ్మలో హాలంతా ఎరుపు, అంటే కదిలేది. మూడో వరుసలో ఒక మనిషి కూర్చున్నంత మేర తెలుపు, అంటే కదలనిది. దొంగదే అనుకుని, సరిచూడకుండానే కొట్టేసింది. తొందరకు బద్ధకం తోడైతే ఇంతే మరి.

నాలుగింటికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, స్పీకర్లు పరీక్షిస్తున్నా. పంతొమ్మిది దగ్గర కుర్చీలన్నీ దడదడలాడుతున్నాయి. నీ జాబితాలో అది లేదే?"

అక్క తాను కొట్టేసిన సంఖ్య వైపు చూసింది. "అన్నీనా?"

"మూడో వరుసలో ఒక్కటి తప్ప. అది బండరాయిలా ఉంది. ఉండు, కూర్చుని చూస్తా."

"వద్దురా! బయటికొచ్చెయ్..."

కుర్చీ కిర్రుమంది. తర్వాత... ఏమీ లేదు. దడదడ లేదు. తమ్ముడి ఊపిరి కూడా లేదు.

"ఒరేయ్... పలకరా..."

చాలాసేపటికి, మెల్లగా వినబడింది. "ఏం లేదక్కా. చల్లగా ఉంది, అంతే. వచ్చేస్తున్నా."

అక్క గళ్ళను సగానికి సగం చేసి, హాలును మళ్ళీ లెక్కించింది. పంతొమ్మిది లేదు. దొంగదే! బతికించావు దేవుడా అనుకుంది. మరి కుర్చీలెందుకు వణికాయో ఆలోచించే ధైర్యం చేయలేదు.

అయినా అనుమానం పెనుభూతం. లెక్క మీద నమ్మకం సడలినప్పుడల్లా, జవాబు ముందే తెలిసిన గదితో పరీక్షించడం ఆమెకు అలవాటు. ఆ గది తమ ఇంటి ముందుగదే, ఇప్పుడు తను కూర్చున్నదే. పొడవు నాలుగు మీటర్లు. డెబ్బై ఐదు లోపు ఐదే సంఖ్యలు, అన్నిటికంటే చిన్నది నలభై మూడు. అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మీట నొక్కి కూర్చుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. తమ్ముడు లోపలికొచ్చి, ఫ్యాను కింద కుర్చీలో కూలబడ్డాడు.

"వచ్చావా నాయనా! పోయిన ప్రాణం లేచొచ్చింది," అంది అక్క.

అప్పుడే తెర మీద జాబితా పడింది.

ఐదు కాదు, ఆరు సంఖ్యలు...

మొదటిది పంతొమ్మిది. సంఖ్య తగ్గేకొద్దీ అల పొడవు పెరుగుతుంది; అంత పొడవైన అల, ఇలాంటి గదులు రెండు కలిపినా పట్టదు. బొమ్మలో గదంతా ఎరుపు. ఫ్యాను కింద, కుర్చీ ఉన్నంత మేర... తెలుపు.

అక్క మెల్లగా తలెత్తింది. ఫ్యాను గాలికి బల్ల మీది కాగితాలు రెపరెపలాడుతున్నాయి. గోడ మీద క్యాలెండరు కొట్టుకుంటోంది. ఆమె ముంగురులు కళ్ళలో పడుతున్నాయి.

"ఏంటక్కా, అలా చూస్తావు?" అని తమ్ముడు నవ్వాడు.

వాడి తల మీద ఒక్క వెంట్రుక కూడా కదలడం లేదు.